పడమటి గది నిద్ర

మా అన్నకు పగటి నిద్ర తిరిగి తెచ్చిపెట్టింది నేను. ఈ మాట నలుగురిలో చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. నా వృత్తిలో మెచ్చుకోళ్లు తక్కువ. ఒక భవనంలోకి ఎంత ఎండవేడి దిగుతోంది, ఎంత కరెంటు ఊరికే పోతోంది, ఇంధన పొదుపు కోసం ప్రభుత్వం పెట్టిన నియమాలకు ఆ కట్టడం నిలుస్తుందా లేదా అని మదింపు చేసి చెప్పడం నా పని. చెప్పాక ఎవరూ శాలువా కప్పరు. ఎక్కువమంది మొహం మాడ్చుకుంటారు. ఆ ఒక్కసారి మాత్రం గోదావరిఖనిలో ఒక అపార్ట్‌మెంటు జనమంతా నా మాట విన్నారు. అంతకుముందు నన్ను దుమ్మెత్తిపోసినవాళ్లు కూడా విన్నారు.

నాన్న బొగ్గుబావిలో దిగి పనిచేశాడు. అన్న కూడా గనిలోనే చేరాడు. నేను సివిల్ డిప్లొమా చదివి, కొన్నాళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి, తర్వాత ఈ మదింపు పరీక్షలు రాసి పాసయ్యాను. రామగుండం నుంచి మందమర్రి దాకా ఎవరు పెద్ద కట్టడం లేపినా ఎప్పుడో ఒకప్పుడు నన్ను పిలవాల్సి వస్తుంది. పిలిచి మొదట అడిగే ప్రశ్న ఒకటే.

"మేడం, గీ కరెంటు పొదుపు ముచ్చట మనకెందుకు? అందరికి కరెంటు ఇచ్చేదే మనం గదా!"

కొత్తలో ఈ ప్రశ్నకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది, కాకపోతే వాళ్లిచ్చిన టీ తాగాక మండుతుంది.

వాళ్లననీ లాభం లేదు. మేమంతా కంపెనీ క్వార్టర్లలో పెరిగినవాళ్లం. మా ఇంట్లో కరెంటు బిల్లు గురించి ఎవరైనా మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. గదిలో మనిషి లేకపోయినా ఫ్యాను తిరిగేది. కూలరు మార్చిలో మొదలైతే వానలు పడేదాకా దాని మోత ఆగేది కాదు. వేడి ఎక్కువైతే ఇంకో కూలరు తేవడమే మాకు తెలిసిన వైద్యం. ఆ వేడి ఎక్కడినుంచి వస్తోంది అని అడిగిన మనిషిని చిన్నతనంలో నేను చూడలేదు.

క్వార్టర్లలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటాడు కాబట్టి ఇంట్లో వెనక గది ఆయనది. ముందు గదికి వీధి చప్పుడు, కూరగాయల బండ్లు, చుట్టాల రాకపోకలు. వెనక గది నిశ్శబ్దం. దాని కిటికీకి దుప్పటి కట్టేవాళ్లు. మేము పిల్లలం గుసగుసగా పోట్లాడుకునేవాళ్లం. ఎవరైనా గట్టిగా నవ్వితే అమ్మ చీపురు చూపించేది. ఇదంతా మావాళ్ల ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, కొత్త ఇల్లు చూడడానికి పోతే వాళ్లు ముందు వంటగది చూడరు. "డ్యూటీ మనిషి పండుకునే రూము ఏది?" అని అడుగుతారు.

ఊరి మెయిన్ రోడ్డు మీద అపార్ట్‌మెంటు కడుతున్నప్పుడు అందరూ అదే అడిగారు. కింద షాపులు, పైన ఇళ్లు. తూర్పున రోడ్డు, బస్సుల హారన్లు. పడమట ఖాళీ స్థలం, చడీచప్పుడూ లేదు. అంతే, గనిలో పనిచేసే ప్రతి కుటుంబం పడమటి ఫ్లాట్ల కోసం ఎగబడింది. టీచర్లూ వ్యాపారులూ తూర్పు వైపు హాయిగా తీసుకున్నారు. మా అన్నకు పడమటి వైపు పై అంతస్తు దొరికింది. దొరికిన రోజు వదిన మా వీధంతా పేడాలు పంచింది. పడమట ఏముంటుందో అక్కడ ఒక్కరికీ తట్టలేదు. నిశ్శబ్దం ఉంటుందనుకున్నారు. మధ్యాహ్నం తర్వాత సూర్యుడు కూడా అక్కడే ఉంటాడు.

అది చాలదన్నట్టు, కట్టడం పూర్తయ్యేముందు కొనుక్కున్నవాళ్లు మీటింగు పెట్టుకుని బిల్డరుకు రెండు కోరికలు చెప్పారు. ఒకటి, కిటికీల మీద సిమెంటు ఛజ్జాలు వద్దు. అవి పాత క్వార్టర్లను గుర్తుకు తెస్తాయట. హైదరాబాదు మాల్ లాగా గోడ నున్నగా, సాఫీగా ఉండాలట. రెండోది, బయటి గోడకు నల్లరాయి అతికించాలి. బొగ్గు తిండి తిన్నవాళ్లం, మన ఇల్లు దూరం నుంచే నల్లగా మెరవాలి అన్నారు. బిల్డరు కోస్తా నుంచి వచ్చిన కుటుంబం మనిషి. అడిగినవాళ్లకు అడిగింది చేసిపెట్టి మంచివాడు అనిపించుకోవడం ఆయనకు ఇష్టం. ఛజ్జాలు తీసేశాడు, రాయి అతికించాడు. అన్నవాళ్లు మాఘమాసంలో గృహప్రవేశం చేశారు. చలి ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి మొదటి వారాలు అన్న వెనక గదిలో హాయిగా నిద్రపోయాడు.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి.

అన్న పొద్దున ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని పడుకునేవాడు. పదకొండు దాకా పరవాలేదు. ఆ తర్వాత పైకప్పు కాగేది, మధ్యాహ్నం దాటాక పడమటి గోడ కాగేది. ఏసీ పెట్టించాడు. ఏసీ మోత మోగుతూనే ఉండేది, గోడ సెగ కొడుతూనే ఉండేది. సగం నిద్రలో లేచి హాల్లో చాప వేసుకునేవాడు. హాల్లో పిల్లలు, టీవీ, గ్యాస్ సిలిండరు మనిషి. వదిన ఫోన్ చేసి చెప్పింది.

"మీ అన్న నిద్రలేక పిచ్చోడు అయితున్నడు. అన్నం ముంగట కూసోని కునుకు తీస్తున్నడు."

నేను శ్రీరాంపూర్‌లో ఒక ఆసుపత్రి భవనం మదింపులో ఉన్నాను. వచ్చే వారం వస్తానన్నాను. ఆ వారం లోపలే జరిగింది.

మా అన్న పనేమిటో చెబితేగాని అదెంత పెద్ద సంగతో తెలియదు. ఆ గని ఏటవాలుగా భూమిలోకి దిగుతుంది. ఉక్కుతాడుకు కట్టిన కుర్చీల మీద కూర్చుని కార్మికులు లోపలికి పోతారు, పైకి వస్తారు. ఆ తాడును లాగే ఇంజన్ అన్న చేతిలో ఉంటుంది. లోపలినుంచి గంట కొడితే దాన్నిబట్టి ఆపాలి, వదలాలి, లాగాలి. ఒక షిఫ్టులో ఆపమని గంట మోగింది. అన్న చెయ్యి బ్రేకు మీదే ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, గంట మాత్రం చెవికెక్కలేదు. పక్కన నిలబడ్డ తోటి కార్మికుడు అరిచాడు. కుర్చీలు కొంచెం ముందుకు పోయి ఆగాయి. ఎవరికీ గీత కూడా పడలేదు. అన్న ఇంజన్ ఆపేసి, నేరుగా ఆఫీసరు దగ్గరికి పోయి, తనను ఇంజన్ మీదినుంచి తీసేయమని తనే అడిగాడు.

ఆఫీసరు అన్నను ల్యాంపు రూములోకి మార్చాడు. దిగేవాళ్లకు దీపాలు ఇవ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవడం. షిఫ్టు అదే, గౌరవం అది కాదు. "నిద్ర సంగతి సరిచేసుకో, అప్పుడు చూద్దాం. కాకుంటే ఇంజన్ వేరేవాళ్లకు పర్మనెంటు చేస్తా" అన్నాడట. నేను పోయేసరికి అన్న సోఫాలో కూర్చుని తన రెండు చేతులూ చూసుకుంటున్నాడు.

"తాడు మీద ఎంత మంది ఉన్నరో ఎరుకనా చెల్లె?" అన్నాడు. "అండ్ల సగం మందికి నేను పెండ్లి భోజనం పెట్టిన."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా అదృష్టమేమిటంటే కోపంలో నా లెక్కలు బాగా సాగుతాయి. వెంటనే గన్ను థర్మామీటరు తీసి పడకగది గోడలకు గురిపెట్టాను. తర్వాత టెర్రస్ ఎక్కాను. ఆ తర్వాత వెనక ఖాళీ స్థలంలోకి పోయి తలెత్తి చూశాను. సాయంత్రపు ఎండలో ఆ నల్లగోడ నిజంగానే అందంగా ఉంది. కిటికీల మీద జానెడు నీడ లేదు.

ఇక్కడ నియమాల గురించి కొంచెం చెప్పాలి. విసుగనిపిస్తే నా తప్పు కాదు, నియమాలు రాసినవాళ్లది. షాపులకూ ఆఫీసులకూ ఒక నియమావళి ఉంది. అది అద్దాలు ఎన్ని, ఏసీ ఎలాంటిది, దీపాలు ఎంత కరెంటు తాగుతాయి అన్నీ చూస్తుంది. ఇళ్లకు ఇంకొకటి. ఆ రెండోది ముఖ్యంగా ఇంటి తొడుగును చూస్తుంది. అంటే గోడలు, కిటికీలు కలిపి లోపలికి పంపే వేడి ఒక హద్దు లోపల ఉండాలి. పైకప్పుకు వేరే లెక్క. గాలి రావడానికి తెరుచుకునే కిటికీలు ఇంత ఉండాలని ఇంకో లెక్క. ఏ దిక్కుకు ఎంత ఎండ తగులుతుందో కూడా అందులో ఉంటుంది. బుద్ధిమంతులు రాసిన నియమాలే. వాటి వల్ల దేశంలో ఎన్నో ఇళ్లు చల్లబడతాయని నేను నమ్ముతాను, లేకపోతే ఈ పనిలో ఉండను.

కానీ ఆ గోడల లెక్క భవనం మొత్తానికి ఒకే అంకె ఇస్తుంది. తూర్పు చల్లదనమూ పడమటి సెగా కలిసిపోయి ఒక సగటు వస్తుంది. అందులో గోడ నల్లదా తెల్లదా అన్న ప్రశ్నే లేదు. ఇంట్లో మనిషి పగలు పడుకుంటాడన్న ఆలోచన అసలే లేదు.

నేను లెక్క కట్టాను. ఛజ్జాలు లేకపోవడం వల్ల భవనం హద్దు దాటింది, కొంచెమే. ఛజ్జాలు పెడితే పాసవుతుంది. బిల్డరుకు తుది సర్టిఫికెటు ఇంకా రాలేదు, అది రావాలంటే నా మదింపు కాగితం కావాలి కాబట్టి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

"దానిదేముందండీ, ఛజ్జాలే కదా, రేపే మొదలెట్టించేస్తాను. మీరు ఓకే అనేస్తే అందరం హ్యాపీ" అన్నాడు.

అలా ఓకే అనేస్తే నియమం పాసవుతుంది, మా అన్న ఫెయిలవుతాడు. నల్లరాయి అక్కడే ఉంటుంది, పైకప్పు అలాగే కాగుతుంది. ల్యాంపు రూము పర్మనెంటు అవుతుంది. నేను ఓకే అనలేదు. రాయి తీసి తెల్లగా పూత పూయాలి, టెర్రస్ మీద తెల్ల పెంకులు పరవాలి అన్నాను. బిల్డరు మొహంలో హ్యాపీ మాయమైంది. అది నియమంలో లేదు కదండీ అన్నాడు. లేదు అన్నాను. మరి నేనెందుకు చెయ్యాలండీ అన్నాడు. న్యాయంగా మాట్లాడితే ఆయన మాట తప్పు కాదు.

ఆదివారం సెల్లార్‌లో అందరినీ కూర్చోబెట్టారు. బిల్డరుతో పోట్లాట ఉంటుందని నేను సిద్ధపడి పోయాను. పోట్లాట సొంతవాళ్లతో వచ్చింది.

"రాయి తీస్తరా? చుట్టాలు బస్సుల కెల్లి చూసి, గదేనా మీ బిల్డింగు అంటున్నరు. తీసుడు లేదు" అన్నాడు ఒకాయన.

"గోడకు సున్నం కొట్టుకోని మళ్ల క్వార్టర్ల లెక్క ఉండాల్నా?" అని ఇంకో ఆవిడ.

"ఇంకో ఏసీ పెట్టుకుంటే ఒడిసిపాయె. గింత దానికి లొల్లి ఎందుకు?"

"వాళ్ల అన్న ఒక్కనికి నిద్ర వస్తలేదని అందరి ఇండ్లు పీకుతదట!"

ఈ చివరి మాట అన్నది రెండో అంతస్తు పడమటి ఫ్లాటు పెద్దాయన, అందరూ కాక అంటారు. గనిలో సర్దారుగా చేసి రిటైరైన మనిషి. అంటే షిఫ్టు మొదలయ్యేముందు లోపల తిరిగి, పైకప్పు గట్టిగా ఉందా, గ్యాసు ఉందా అని చూసి, పనికి అనుమతి ఇచ్చే ఆయన. నల్లరాయి ఆలోచన మొదట చెప్పింది కూడా ఆయనే. ఆయన కొడుకు, అల్లుడు ఇద్దరూ నైట్ షిఫ్టులు చేస్తారు.

నేను నియమాల పుస్తకం మూసేశాను. దాన్ని చూపించి గెలవలేనని అర్థమైంది. ఈ జనానికి వాళ్ల పుస్తకంలోంచే చెప్పాలి.

"కాకా, బాయిల గ్యాసు యాడ చూసేటోళ్లు మీరు?" అని అడిగాను.

"పని జాగల."

"ఒక్క జాగలనా?"

"అన్ని జాగలల్ల. మనిషి పని చేసే ప్రతి జాగల చూడాలె. గదేం ప్రశ్న?"

"అన్ని జాగలు కలిపి ఒక సగటు తీసి, బాయి మంచిగున్నది, దిగుండ్రి అని రాసేటోళ్లా?"

కాకకు నిజంగానే కోపం వచ్చింది. కుర్చీలోంచి లేచాడు.

"సగటేంది? గట్ల రాస్తే మనుషులు సస్తరు బిడ్డా. ఒక్క జాగల గ్యాసు ఉంటె తక్కిన అన్ని జాగలు మంచిగున్నా ఏం ఫాయిదా?"

"మరి గీ బిల్డింగు లెక్క గట్లనే. తూర్పు రూములు, పడమటి రూములు కలిపి సగటు తీస్తరు. తూర్పు దిక్కు టీచరమ్మ సల్లగ ఉన్నది కాబట్టి పడమటి దిక్కు మీ కొడుకు గూడ సల్లగున్నడని రాస్తరు. ఉన్నడా?"

గనిలో పనిచేసినవాళ్లకు ఆ మాట వివరించి చెప్పే పని లేదు. ఒకావిడ నెమ్మదిగా తన పెనిమిటి వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మా అన్న ఒక్కడే కాదు. పడమటి ఫ్లాట్లలో ఎవరికీ నిద్ర లేదు. కొత్త ఇల్లు, పైగా తామే ఏరికోరి తీసుకున్న వైపు, నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి ప్రతివాడికీ నామోషీ. ఎవరికివారు హాల్లో చాపలు వేసుకుంటున్నారు.

కాక కూర్చోలేదు. "సాక్‌పీసు ఉన్నదా?" అని అడిగాడు.

గనిలో ఒక పద్ధతి ఉంది. సర్దారు ఒక చోటును చూశాక, చూసినట్టు అక్కడే సుద్దముక్కతో తేదీ వేసి సంతకం పెడతాడు. తర్వాత వచ్చినవాడు ఆ గుర్తు చూసి ధైర్యంగా పనిలోకి దిగుతాడు. కాక ఆ వారమంతా నా థర్మామీటరు పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. మధ్యాహ్నం ప్రతి పడకగదిలో గోడవేడి చూసి, ఆ గోడ మీదే సుద్దతో అంకె, వేళ, తన పొట్టి సంతకం వేశాడు. కొత్త పెయింటు మీద సుద్ద గీతలకు ఆడవాళ్లు లబోదిబోమన్నారు. ఆయన వినలేదు. తూర్పు గదులకూ పోయాడు, అక్కడా రాశాడు. నేను చెప్పిన దానికంటే కఠినంగా రాశాడు. అర డిగ్రీని కూడా వదల్లేదు.

వారం చివరికి జనం ఒకరి పడకగదులు ఒకరు చూడ్డానికి బయలుదేరారు. మామూలుగా ఎవరూ ఎవరి పడకగదిలోకీ పోరు. ఆ రోజు పేరంటానికి వచ్చినట్టు వచ్చారు. టీచరమ్మ గది అంకె చూసి మా అన్న గదికి వస్తే అక్కడ మనిషి జ్వరాన్ని మించిన అంకె. కింది అంతస్తుల పడమటి గదులు దానికి కొంచెం తక్కువ, అంతే. "గింత తేడానా?" అని ఒకరు, "గందుకే ఏసీ గుంజుతలేదు" అని ఇంకొకరు. క్వార్టర్లలో పెరిగిన జనం వేడి ఎక్కడినుంచి వస్తోందని అడగడం నేను మొదటిసారి విన్నాను. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఎన్నో ఏళ్లుగా మీటింగుల్లో బొమ్మలు వేసి చూపించినా రాని ప్రశ్న అది.

బిల్డరు మాత్రం ఇంకా నమ్మలేదు.

"సుద్దతో ఏ నంబరైనా రాయొచ్చు కదండీ" అన్నాడు మా అన్న గది గుమ్మంలో నిలబడి.

వదిన మంచం మీద కొత్త దుప్పటి పరిచి, దిండు పెట్టి, ఏసీ వేసింది. "జెర సేపు పండుకోండ్రి సార్. గృహప్రవేశం నాడు మా ఇంట్ల అన్నం తిన్నరు, మా ఇంట్ల నిద్ర గూడ చూడుండ్రి" అంది.

ఆయనకు తప్పించుకునే దారి లేకపోయింది. చెప్పులు విడిచి, ఇస్త్రీ చొక్కాతోనే పడుకున్నాడు. తలుపు వేశాం. హాల్లో మేమందరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అన్న కూడా అక్కడే ఉన్నాడు, వారాల తర్వాత అన్న పెదవి చివర నవ్వు చూశాను. టీ నీళ్లు మరిగేలోపే తలుపు తెరుచుకుంది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆయన హాల్లో ఫ్యాను కింద నిలబడి, కర్చీఫుతో మెడ తుడుచుకుని, అన్న వైపు చూశాడు.

"ఇందులో పడుకుని డ్యూటీకి ఎలా వెళ్తున్నావయ్యా నువ్వు? రాయి పీకించేద్దాం లెండి మేడంగారూ. పైన పెంకులు కూడా వేయించేస్తాను. ఇది నేను కట్టిన బిల్డింగండీ, నా పేరు దీని మీద ఉంది."

ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలన్న దాని మీద జరిగిన గొడవ ఇక్కడ రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. మొత్తానికి తేలింది. మళ్లీ పని మొదలుపెట్టేసరికి అసలు చిక్కు వచ్చింది. రాయి పీకాలంటే సుత్తులతో కొట్టాలి. పగలు కొడితే పడుకున్నవాళ్లు లేస్తారు. కమాన్‌పూర్ నుంచి వచ్చిన పనివాళ్లు పొద్దున తొమ్మిదికి నిచ్చెనలు ఎక్కగానే కాక కింద నిలబడి చేతులు ఊపుతాడు.

"ఒర్లకుండ్రి! దిగుండ్రి! పొద్దంత మనుషులు పండుకుంటరిక్కడ!"

మేస్త్రీ తల పట్టుకున్నాడు. చివరికి తెల్లవారగానే కొంతసేపు, సాయంత్రం నాలుగు దాటాక చీకటి పడేదాకా పని చేసేట్టు మాట్లాడుకున్నారు. రాయి పీకేవాళ్లకు కూడా నడి ఎండ తప్పింది, వాళ్లే తర్వాత మంచి టైము పెట్టిండ్రు అన్నారు. పగలు చప్పుడు లేని పనులు, అంటే టెర్రస్ మీద పెంకులు అతికించడం, ఛజ్జాల ఇనుప చట్రాలకు కొలతలు తీయడం. ఎక్కడైనా ఒక సుత్తి జారి పడితే ఆడవాళ్లందరూ బాల్కనీల్లోకి వచ్చి ఒక్క మాట కూడా అనకుండా గుడ్లురిమి చూసేవారు.

నల్లరాయి ఊడినప్పుడు కాక కొంచెం దిగులుపడ్డాడు. ఒక ముక్కను ఇంటికి తీసుకుపోయి వాకిట్లో పెట్టుకున్నాడు. తెల్లపూత పడింది, కిటికీల మీద వెడల్పాటి ఛజ్జాలు, పక్కన నీడనిచ్చే నిలువు రెక్కలు వచ్చాయి. చూడ్డానికి కొంచెం క్వార్టర్ల లాగే ఉంది, ఆ మాట నేను పైకి అనలేదు. మళ్లీ లెక్క కట్టాను. భవనం హద్దుకు బాగా లోపలికి వచ్చింది. సర్టిఫికెటు వచ్చింది. బిల్డరు పక్క స్థలంలో కట్టబోయే ఇంకో బ్లాకు ప్లానును, పునాది తవ్వకముందే తెచ్చి నా బల్ల మీద పరిచాడు. "ఇందులో డ్యూటీ మనిషి ఎక్కడ పడుకోవాలో మీరే చెప్పండి" అన్నాడు. ఆ రోజు నేను ఇంటికి పోయి, ఎవరూ లేనప్పుడు, అద్దం ముందు నిలబడి నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

కానీ అవన్నీ నాకు లెక్క కాదు. లెక్క అన్నది మా అన్న ఇంజన్ ఒక్కటే. అది ఇంకా రాలేదు. నిద్ర పడుతోందని అన్న ఆఫీసరుకు చెప్పుకున్నాడు. ఆయన మంచివాడే కానీ తాడు మీద మనుషులుంటారు కాబట్టి మాట మీద నమ్మలేదు. కొన్నాళ్లు ల్యాంపు రూములోనే గమనిస్తానన్నాడు. అన్న రోజూ ఫోను చూసుకునేవాడు.

రోహిణి కార్తె వచ్చింది. ఊళ్లో కుక్కలు కూడా మురికికాలవలో పడుకుంటున్నాయి. ఒక మధ్యాహ్నం, మంచి ఎండవేళ, నేను అన్న ఇంటికి పోయాను. వదిన తలుపు తీసి నోటి మీద వేలు పెట్టుకుంది. వంటింట్లోకి తీసుకుపోయి చల్ల ఇచ్చింది. పడకగదిలోంచి ఏసీ మోత లేదు. ఫ్యాను చప్పుడు, దాని మీదుగా అన్న గురక. అంత మొరటు గురకను అంత ఆనందంగా ఎవరూ విని ఉండరు.

అప్పుడే ఫ్రిజ్ మీద పెట్టిన అన్న ఫోను వణికింది. వదిన చూసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని ఎత్తింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"పండుకున్నడు సార్... ఆ... ఆ సార్... మంచిది సార్."

పెట్టేసింది. నా వైపు తిరిగింది. కళ్లు పెద్దవయ్యాయి.

"రేపటి నైట్ షిఫ్టు సంది ఇంజన్ మీదికే రమ్మన్నడు."

నేను లేచి పడకగది వైపు పరుగెత్తబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుంది, గట్టిగా.

"లేపు వదినా! గీ ఫోను కోసమే చూస్తున్నడు గదా!"

"లేప" అంది. "గా ఇంజన్ కావాలంటే గీ నిద్రే కావాలె. లేసినంక చెప్తం."

నేను అక్కడే వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయాను. వదిన పక్కన కూర్చుంది. ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం, ఆ తర్వాత కాసేపు ఏడ్చాం, చప్పుడు కాకుండా.

అన్న లేచేసరికి పొద్దు వాలింది. కళ్లు నులుముకుంటూ వచ్చి, ఇంత సేపు ఎందుకు లేపలేదని మా ఇద్దరి మీదా విసుక్కున్నాడు. వదిన చెప్పింది. అన్న మొహం కడుక్కుని వచ్చి, గుమ్మం పక్కన మూల పడేసిన డ్యూటీ బూట్లు తీసి, తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఇంజన్ రేపు గదా, ఇయ్యాల ల్యాంపు రూమే" అన్నాను నేను.

"ఎరుకనే" అన్నాడు తలెత్తకుండా, ఇంకా తుడుస్తూ.